పాట కింద ‘జానపదం’ అని వేసే ముందు ఒక్కసారి అడగండి

జానపద పాటలు తీసి యూట్యూబ్‌లో పెట్టే ఛానళ్ల వారికి, వాటికి సంగీతం కట్టే స్టూడియోల వారికి, ఆ పాటలను సినిమాల్లోకి తీసుకునే సంగీత దర్శకులకు, కళాకారుల బాగోగులు చూసే సాంస్కృతిక శాఖ పెద్దలకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ చిక్కడపల్లిలో చిన్న డీటీపీ షాపు నడుపుతాను. పాతికేళ్లు దాటింది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, యూనియన్ల రసీదు పుస్తకాలు, సొంత డబ్బుతో అచ్చు వేయించుకునే కవుల పుస్తకాలు, ఇదే నా పని. ఎవరో రాసింది టైపు చేయడమే తప్ప సొంతంగా ఉత్తరం రాసే అలవాటు నాకు లేదు. ఒక ఛానల్‌కు నాలుగు మెయిళ్లు పంపి, రెండుసార్లు ఫోన్ చేసి, ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎక్కడా జవాబు దొరక్క ఇలా అందరి ముందూ రాస్తున్నాను. మీలో చాలామంది ఇష్టంతో పనిచేస్తున్నారని తెలుసు. మీరు లేకపోతే ఈ తరం పిల్లలకు ఊరి పాట చెవిన పడేదే కాదు. ఆ మాట ముందే ఒప్పుకుని విషయంలోకి వస్తాను. బతికున్న ఒక మనిషి రాసిన పాటను మార్చి వీడియో తీసి, రచన దగ్గర ఆయన పేరు బదులు ‘జానపదం’ అని వేశారు. ఈ ఉత్తరం దాని గురించే.

మలక్‌పేట గంజులో, అంటే సరుకుల మార్కెట్‌లో, ముప్పై ఏళ్లు హమాలీగా బస్తాలు మోసిన ఒక పెద్దాయన ఉన్నాడు. నల్లగొండ వైపు నుంచి కరువులో వచ్చినవాడు. మేమంతా ‘కాక’ అంటాం. ఆయన పాటలు కడతాడు, పాడతాడు. పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తానని అడిగితే ఆయనే వద్దన్నాడు. “నా పేరు నీ ఉత్తరంల ఎందుకు బిడ్డా, నా పాట కింద వెయ్యమను” అన్నాడు. ఆ మాటకు కట్టుబడి ఉన్నాను. పేరు కావాల్సిన వాళ్లకు నా షాపులో దొరుకుతుంది, ఎలాగో చివర్లో చెబుతాను.

1990ల చివర్లో ఒక సాయంత్రం భుజం మీద తుండుగుడ్డతో, చేతిలో నోటుబుక్కుతో వచ్చాడు. “ఇవి అచ్చు చెయ్యాలె, ఎంతైతది?” అన్నాడు. నోటుబుక్కు తెరిచానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. ప్రతి పేజీ మధ్యలో సన్నటి ఎర్రపొడి. మిరప బస్తాల మధ్య కూర్చుని రాసిన పాటలు మరి. ఆ వారం రోజులూ నా కీబోర్డు కూడా ఎర్రగానే ఉంది. చదువు ఆయనకు యూనియన్ వాళ్లు పెట్టిన రాత్రి బడిలో వచ్చింది. మాట ఎలా పలుకుతాడో అలాగే రాశాడు. అప్పుడు నాకు పాతికేళ్లు కూడా లేవు, తెలివి ఎక్కువ. ‘కండ్లు’ అని ఉన్నచోటల్లా ‘కళ్లు’ అని దిద్దేశాను. ప్రూఫు చేతికిస్తే వేలు పెట్టి ఒక్కో మాటా చదివి, “కళ్లు పెద్దోళ్లవి బిడ్డా, మావి కండ్లే” అన్నాడు. మళ్లీ కూర్చుని అన్నీ మార్చాను.

గంజులో తోటి హమాలీలు తలా ఇంత వేసుకుంటే 48 పేజీల పుస్తకం అయింది. పదహారు పేజీలకు ఒకటి చొప్పున మూడు ఫారాలు. 500 కాపీలు, వెల 10 రూపాయలు. ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. నోటుబుక్కులో 31 పాటలున్నాయి. అన్నీ వేస్తే నాలుగో ఫారం పడుతుంది, ఖర్చు పెరుగుతుంది. నాలుగు పాటలు తీసేద్దామని సలహా ఇచ్చింది నేనే. ఆ నోటుబుక్కు తర్వాత వానల్లో ఇంట్లో నీళ్లొచ్చి పోయింది. ఇప్పుడు ఆ నాలుగింట్లో రెండు కాకకు పూర్తిగా గుర్తున్నాయి, ఒకటి సగం గుర్తుంది, ఒకదానికి బాణి మాత్రమే మిగిలింది, మాటలు పోయాయి. అచ్చయిన పుస్తకాలను కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరికొన్ని పెద్ద గ్రంథాలయాలకూ పంపాలన్న చట్టం 1954 నుంచి ఉందట. మాకెవరికీ తెలియదు, పంపలేదు. కాబట్టి వేలెత్తి చూపే అర్హత నాకు పూర్తిగా ఉందని అనను.

ఆ పుస్తకంలో 19వ పేజీలో ఉన్న పాట గురించే ఈ గొడవంతా.

“మిరప బస్త మోసెటోడ, కండ్ల నీళ్లెందుకో
ఘాటు తగిలి వచ్చెనా, ఇల్లు యాదికొచ్చెనా”

మిరప గంజులో అందరి కళ్లూ కారుతూనే ఉంటాయి. ఎవడైనా నిజంగా ఏడ్చినా ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. కాకకు ఊళ్లో తల్లి చనిపోయిందన్న కబురు గంజులో ఉండగా వస్తే, ఆ పూట లారీ దించడం పూర్తయ్యే దాకా మోస్తూనే ఏడ్చాడట. పక్కవాడు కూడా గమనించలేదట. ఆ రాత్రి కట్టిన పాట ఇది. రెండో చరణంలో “గంజిల ఏడిస్తె ఎవ్వడు అడుగడు, అందరి కండ్లూ ఎర్రగనే” అంటాడు. నేను ఎన్ని పుస్తకాలు టైపు చేశానో లెక్క లేదు. ఏడుపు గురించి ఇంత మామూలుగా చెప్పిన మాట మళ్లీ నా వేళ్ల కింద పడలేదు.

మాటలు అచ్చులో దొరుకుతాయి. పాట మాత్రం ఆయన పాడగా వినాల్సిందే. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక మే డే నాడు మొదటిసారి విన్నాను. డప్పు లేదు, కంజీర లేదు. హమాలీలు బస్తా లాగే ఇనుప కొక్కెం ఒకటి, ఒక ఖాళీ డబ్బా. పాటకు ముందు ఎత్తుకునే సాకీ తీసేటప్పుడు గొంతు పైకి లేపడు, పక్కవాడితో మాట్లాడుతున్నంత మెల్లగా ఎత్తుకుంటాడు. జనం వాళ్లంతట వాళ్లే సద్దుమణుగుతారు. తర్వాత కొక్కెంతో డబ్బా మీద ఒక దెబ్బ, పాదం మొదలు. ప్రతి పాదం చివరా “హు” అని ఒక ఊపిరి. అది అలంకారం అనుకున్నాను చాలాకాలం. ఒకసారి గంజులో ఆయన పనిచేస్తుండగా చూశాకే అర్థమైంది. లారీ నుంచి కాంటా దాకా పది పన్నెండు అడుగులు. నలభై కిలోల పైన బరువు మెడ మీద ఉన్న మనిషి అంత దూరంలో ఎన్ని మాటలు పలకగలడో పాదంలో అన్నే మాటలు. బస్తా దించిన చోట ఊపిరి. పాట నడక కాళ్ల నడకే. “బస్త బరువు కాంటకెరుక, మెడనరం మంట నాకెరుక” అనే చోట మాత్రం ఆ ఊపిరి తీసుకోడు, రెండు పాదాలూ ఒక్క దమ్ములో లాగేస్తాడు. వినేవాళ్లకు ఆయాసం వస్తుంది.

బాణి తనది కాదని ఆయనే చెబుతాడు. “బాణి మా అవ్వది, నాట్లప్పుడు పాడేది. మాటలు నావి.” ఇంత శుభ్రంగా లెక్క చెప్పేవాళ్లు మన సంగీత ప్రపంచంలో ఎందరున్నారో మీకే తెలియాలి.

పాట ఆఖరి చరణంలో తన ఊరి పేరు, తన పేరు చెప్పుకుంటాడు. మనకిది కొత్తేమీ కాదు. వేమన పద్యం చివర తన పేరు పెట్టుకున్నాడు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడి ముద్ర ఉంటుంది. అచ్చు, సంతకం, రిజిస్ట్రీ లేని కాలంలో పాట తన యజమానిని మోసుకుపోయే ఏర్పాటు అది. కాక ఆ సంగతి చదివి తెలుసుకోలేదు. ఊళ్లో భజన పాటల్లో విని నేర్చుకున్నాడు.

నిరుడు బోనాల ఊరేగింపులో మా సందులోంచి డీజే బండి పోతుంటే ఆ బాణి విన్నాను. షాపులోంచి లేచి బయటికొచ్చాను. పల్లవి ఉంది. అయితే బస్తా మోసేవాడు మాయమై మిరపకాయ లాంటి పిల్ల వచ్చింది. ‘కండ్ల నీళ్లెందుకో’ కాస్తా ‘కన్ను కొట్టుడెందుకో’ అయింది. ఊపిరి తీసుకునే చోటల్లా కీబోర్డు మ్యూజిక్ నింపారు. గంజిల ఏడ్చే చరణం లేదు. మెడనరం చరణం సగం మార్చి ఉంచారు. పాట నాలుగు నిమిషాల్లో ముగియాలి కాబట్టి కాబోలు, ఆఖరి చరణం మొత్తం కోసేశారు. అంటే రాసినవాడి పేరు ఏ చరణంలో ఉందో సరిగ్గా అదే. వీడియో కింద చూస్తే గాయని పేరు, డ్యాన్సర్ల పేర్లు, కెమెరా, ఎడిటింగ్, డ్రోన్ నడిపిన అబ్బాయి పేరు కూడా ఉన్నాయి. రచన దగ్గర ‘జానపదం’ అని ఉంది.

ఫోన్ చేస్తే ఎత్తిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. “అది జానపదం అక్కా, ఎవరిదీ కాదు, మా అమ్మమ్మ కూడా పాడేది” అన్నాడు. అమ్మమ్మ పాడి ఉండొచ్చు, కాదనను. బాణి పాతదే కదా. పుస్తకం ఉంది, 19వ పేజీ ఫొటో పంపిస్తానన్నాను. పంపాను. ఆ తర్వాత నా నంబరుకు ఫోన్ ఎత్తడం మానేశారు. కళాకారుల విషయాలు చూసే ఒక ఆఫీసుకు వెళ్తే, అర్జీ తీసుకుని ముద్ర వేసి “పరిశీలిస్తాం” అన్నారు. మూడోసారి వెళ్లేసరికి ఆ అర్జీ ఏ టేబుల్ మీద ఉందో ఎవరికీ తెలియలేదు.

ఇక ‘జానపదం’ అనే మాట సంగతి. కర్త తెలియకపోవడం జానపదానికి లక్షణమని మనం బళ్లో చదువుకున్నాం. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు 1950లలో జానపద గేయాల మీద పరిశోధన చేసినప్పుడు పల్లెలు తిరిగి పాటలు సేకరించారు. తిరగలి పాటో, నాటు పాటో మొదట ఏ తల్లి నోట పుట్టిందో చెప్పడం ఎవరి వల్లా కాదు, నిజమే. కానీ ఆ మాట వెతికి వెతికి దొరకనప్పుడు వేయాల్సింది. వెతక్కుండా ముందే వేసేస్తే, ఎదురుగా కూర్చుని ఉన్న మనిషి కూడా అజ్ఞాతకర్త అయిపోతాడు. మీ దగ్గర జరుగుతున్నది అదే.

చనిపోయినవాళ్ల సంగతి చూసినా ఇంతే. ‘బండెనక బండి కట్టి’ అనగానే తర్వాతి మాట అందుకోని తెలుగువాళ్లు తక్కువ. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంతులో విన్నాం. దాన్ని కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటగాడు బండి యాదగిరి. నా షాపుకు ప్రాజెక్టు రిపోర్టులు ప్రింట్ తీసుకోవడానికి వచ్చే డిగ్రీ పిల్లల్ని సరదాకు అడిగాను. ముగ్గురు గద్దర్ అన్నారు, ఇద్దరు జానపదం అన్నారు. ‘ఊరు మనదిరా’ రాసిన గూడ అంజయ్య ఫార్మసిస్టుగా పనిచేసిన మనిషి, 2016లో పోయారు. ఆ పాట పాడని ధర్నా ఇందిరా పార్కు దగ్గర ఉండి ఉండదు. పాడేవాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు ఎందరు? పేరు నిలిస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. బడికి వెళ్లి చదువుకోని అందెశ్రీ పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. అది ఆయన పాట అని అందరికీ తెలుసు కాబట్టే ఆ గౌరవం ఆయనకు చేరింది. పేరు ఒక్కటే అన్నం పెడుతుందని కూడా అనను. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారన్న వార్త చదివాం. పద్మశ్రీ ఉన్న మనిషి పరిస్థితే అది. పేరే లేని మనిషి ఎవరి తలుపు తట్టాలి?

ఇదంతా ఒక ముసలాయన పంతం అనుకుంటే పొరపాటు. మామూలు జనానికి జరిగే నష్టం ఇది:

1. పెన్షన్. 60 ఏళ్లు దాటిన పేద కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం కింద నెలకు 6,000 రూపాయల వరకు సాయం ఉంది. దానికైనా మరి దేనికైనా, కళలో ఏం పని చేశావో చూపించమంటారు. కాక చూపించగలిగినది 10 రూపాయల పుస్తకం ఒకటే. ఊరూరా మోగుతున్న పాట కింద ఆయన పేరుంటే అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? ‘రచన: జానపదం’ అని మీరు వేసిన ఒక్క మాట ఆయన అర్జీకి అడ్డం పడింది.

2. సొంత పాట పాడుకునే వీలు కూడా పోయింది. కాక మనవడు ఫోన్‌లో తాత పాటను రికార్డు చేసి తన ఛానల్‌లో పెట్టాడు. రెండు రోజుల్లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఆ ట్యూన్ ఫలానా ఛానల్ వారిదని. అవ్వ నాట్లలో పాడిన బాణి, తాత రాసిన మాటలు, తాత గొంతు. దొంగ అనిపించుకున్నది మనవడు. అభ్యంతరం పెడితే క్లెయిమ్ వేసినవాళ్లు జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. పిల్లవాడు అంతదాకా ఆగలేదు, భయపడి వీడియో తీసేశాడు. తన పేరు మీద కేసు అవుతుందేమో, ఉద్యోగం రాదేమోనని వాడి టెన్షన్. వాడి వయసు పందొమ్మిది. ఇది చూశాక మాత్రం నాకు కోపం ఆగలేదు.

3. గంజులో తాలు కాయలు ఏరే ఆడవాళ్లున్నారు. పొద్దంతా మిరప దుమ్ములో కూర్చుని మంచి కాయ, పాలిపోయిన కాయ వేరు చేస్తారు. ఈ పాట వచ్చాక ఆటోల్లో, బస్టాపుల్లో వాళ్ల కూతుళ్లను చూసి కుర్రాళ్లు అదే పల్లవి పాడుతున్నారు. వాళ్ల నాన్నల కష్టం గురించి పుట్టిన పాట వాళ్లను ఏడిపించడానికి పనికొస్తోంది. ఒకామె కాకను నిలదీసిందట, “నువ్వు గిట్ల రాసినవా?” అని. రాయలేదని చెప్పడానికి ఆయన పుస్తకం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాల్సి వచ్చింది.

4. రాయల్టీ. ఇది చిన్న మాటలోనే చెబుతాను. పాడినవాళ్లకు పెళ్లిళ్లలో, జాతరల్లో పిలుపులు వస్తున్నాయి, సంతోషం. రాసినవాడికి ఒక్క రూపాయి రాలేదు. రచయిత పేరే లేని పాటకు వసూలైన సొమ్ము రచయితల సంఘం దగ్గరున్నా ఎవరికి పంచుతారు?

5. కొత్తగా రాసేవాళ్లు దాచుకోవడం మొదలుపెట్టారు. సరుకులు డెలివరీ చేసే ఒక కుర్రాడు నా షాపుకు వస్తాడు, మంచి పాటలు కడతాడు. ఎక్కడా పాడడు. “పాడితే ఎవరో ఒకరు వీడియో తీస్తరక్కా, తెల్లారి అది జానపదం అయితది” అన్నాడు. పాట పది మంది నోళ్లలో తిరిగితేనే పదును తేలుతుంది. భయంతో ఫోన్‌లో దాచిన పాట ఎవరికి పనికొస్తుంది?

చట్టం ఏమంటుందో తెలుసుకుందామని, నా దగ్గర పిటిషన్లు టైపు చేయించుకునే ఒక లాయర్ గారిని అడిగాను. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు ఇంకొకరికి రాసిచ్చేసినా సరే, ‘ఇది నేను రాసింది’ అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుందట. పరువు పోయేలా రచనను మార్చితే అడ్డుకునే హక్కు కూడా అందులోనే ఉంది. హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో జరగాలని 19వ సెక్షన్ చెబుతుంది. కాక ఎవరికీ ఏ సంతకమూ పెట్టలేదు. రచయిత బతికున్నన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ ఆ హక్కు నిలుస్తుంది. రిజిస్టర్ చేయించకపోయినా ఉంటుంది. చేయించుకోవాలంటే ఒక్కో రచనకు ఫీజు 500 రూపాయలు, ఫారం 14, ఆన్‌లైన్‌లో. 500 పెద్ద మొత్తం కాదు. ఆన్‌లైన్ ఫారం నింపడం మాత్రం కాక వల్ల అయ్యే పని కాదు. కేసు పేరుతో బెదిరించడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆయన కోర్టు మెట్లెక్కే మనిషే కాదు. ఒకసారి లాయర్ గారి ఆఫీసుకు తీసుకెళ్తే, “చెప్పులు ఇడ్వాల్నా?” అని గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

మేం అడుగుతున్నవి కొన్నే. కష్టమైనవి కావు.

ఛానళ్ల వారూ, ఒక ఊళ్లో పాట దొరికితే కెమెరా తీసే ముందు ముగ్గుర్ని అడగండి: ఇది ఎవరు కట్టారు? ఆ పాట పాడిన పాతవాళ్లెవరు? దీనికి పుస్తకమో క్యాసెట్టో ఉందా? దొరక్కపోతే ‘సేకరణ: ఫలానా ఊరు, ఫలానా వారు పాడగా’ అని వేయండి. అప్పుడు రేపు అసలు మనిషి బయటపడితే పేరు కలపడానికి చోటుంటుంది. ఎవరైనా ఆధారంతో వస్తే వారం రోజుల్లో వీడియో కింద పేరు మార్చండి. ఆఖరి చరణం కోసేముందు అందులో ఎవరి పేరైనా ఉందేమో చూడండి. సేకరించిన బాణుల మీద క్లెయిమ్‌లు వేయడం ఆపండి. మీరు చేయించిన మ్యూజిక్ మీద హక్కు మీదే, ఎవరూ కాదనరు. కాక మనవడి వీడియో మీద వేసిన క్లెయిమ్ వెనక్కి తీసుకుని, ఆ విషయం వాడికి మీరే రాయండి. వాడి భయం పోవాలి.

పాట మాటలు మార్చాలనుకుంటే మార్చే ముందు అడగండి. అడిగితే కాక ఒప్పుకునేవాడేమో. ప్రేమ పాటలంటే ఆయనకు కిట్టదని కాదు. పుస్తకంలో నాలుగు ఉన్నాయి, ఒకటి చాలా చిలిపిది, టైపు చేస్తూ నేనే సిగ్గుపడ్డాను.

సినిమా సంగీత దర్శకులకు ఒకే మాట. ఒకప్పుడు ఆకాశవాణిలో లలిత గీతం వేస్తే ముందుగా రచన ఎవరిదో, సంగీతం ఎవరిదో, పాడింది ఎవరో చెప్పి మరీ వేసేవాళ్లు. అది విని రచయితల పేర్లు నోటికొచ్చిన తరం మీది. ఆ పద్ధతి ఎక్కడ ఆగిపోయిందో మీకే బాగా తెలుసు. టైటిల్స్‌లో ఒక్క వరుస చాలు.

సాంస్కృతిక శాఖ పెద్దలు చేయాల్సింది రెండు పనులు. ఇప్పుడు బతికున్న పాటగాళ్ల దగ్గరికి మనుషుల్ని పంపి, పాట, పాడినవారు, కట్టినవారు, ఊరు, ఈ నాలుగూ నమోదయ్యే జాబితా ఒకటి చేయించండి. అందులో పేరుండటం పెన్షన్‌కు రుజువుగా పనికిరావాలి. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, ఈ పని తెలిసిన మనుషులున్నారు, వాళ్లను కలుపుకోండి. రెండోది, కాపీరైట్ ఫారం నింపడానికి సాయం చేసే ఒక మనిషిని రవీంద్రభారతిలో వారానికి ఒక పూట కూర్చోబెట్టండి. కళాకారులు ఎలాగూ ఏదో ఒక పని మీద అక్కడికి వస్తూనే ఉంటారు. టైపింగ్‌కు మనిషి కావాలంటే నేనొస్తాను, డబ్బులు వద్దు. మా అర్జీ ఏ టేబుల్ మీద ఉన్నా, దయచేసి వెతికించండి. కాపీ నా దగ్గర ఉంది, కావాలంటే మళ్లీ ఇస్తాను.

ఈ ఉత్తరం వచ్చిన నెల లోపు ఆ వీడియో కింద రచయిత పేరు పడకపోతే, పుస్తకంలోని 19వ పేజీని పెద్దగా ప్రింట్ తీయించి, గంజులోనూ మా షాపు బయటా అంటిస్తాం. హమాలీలు చందాలకు సిద్ధంగా ఉన్నారు. ఈసారి నాలుగో ఫారం కూడా కలిపి పుస్తకం మళ్లీ వేస్తాం.

కాకకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మిరప దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది, రెండు పాటలు పాడితే దగ్గు. అయినా గొంతు పోలేదు. ఆ నాలుగు పాటల్లో మిగిలిన రెండున్నర పాటలు, మాటలు పోయిన ఆ బాణి, ఇవి రికార్డు చేయడానికి మీలో ఎవరికైనా మనసుంటే చిక్కడపల్లి నగర గ్రంథాలయం దగ్గరికి వచ్చి పాత డీటీపీ షాపు ఏదని అడగండి, చూపిస్తారు. పుస్తకాలు ఇంకా పదకొండు ఉన్నాయి. ఆయన పేరు అట్ట మీదే ఉంటుంది. ఆయన ఇంటికి నేనే తీసుకెళ్తాను. పొద్దున పది లోపు రండి, ఆ వేళకు దగ్గు తక్కువగా ఉంటుంది. మైకు తెచ్చుకోండి. కొక్కెం ఆయన దగ్గర ఉంది.

ఇట్లు,
కాక పుస్తకం టైపు చేసిన డీటీపీ ఆపరేటర్,
చిక్కడపల్లి, హైదరాబాద్